ఎవరూ ఎంచని రంగులు

పడవల రేవు, టిక్కెట్ల గది
ఫిబ్రవరి చివర

మరదలు పిల్లకి,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నానేమిటా అని కంగారుపడకు. అందరం బాగానే ఉన్నాం. ఫోన్లో నీ గొంతు వినబడితే చాలు, మీ అన్నయ్య ఎక్కడున్నా వచ్చి నా పక్కనే నిలబడి తాడు చుట్టడం మొదలుపెడతాడు. చుట్టిందే చుట్టి, విప్పిందే విప్పి. పోనీ మాట్లాడమని ఫోన్ చేతికిస్తే "నాకేం పని" అని వెళ్ళిపోతాడు. మీరిద్దరూ మాట్లాడుకుని వచ్చే వానాకాలానికి మూడేళ్ళు. మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. ఈ ఏడు మీ ఇద్దరినీ కలపకుండా వదిలేది లేదు, ముందే చెప్తున్నా.

ఇప్పుడు అసలు సంగతి. మన పన్నెండు పడవలూ ఒకటే నీలం కదా. సరస్సూ నీలమే. సగం పడవలు నీళ్ళలో ఉన్నాయో లేవో కూడా తెలియదు. పోయిన ఆదివారం మీ అన్నయ్య మైకులో "ఆరో నంబరు పడవ, మీ టైమ్ అయిపోయింది, గట్టుకి రండి" అని గొంతు చించుకున్నాడు. ఆరో నంబరు వాళ్ళు వాళ్ళది తొమ్మిదనుకుని హాయిగా తిరుగుతున్నారు. తొమ్మిదో నంబరు వాళ్ళు వాళ్ళది ఆరనుకుని ముందే వచ్చేశారు. సంగతి తెలిశాక రెండు కుటుంబాలూ గట్టుమీద చేసిన రభసకి బాతులు కూడా అవతలి ఒడ్డుకి వెళ్ళిపోయాయి.

"ఒక్కో పడవకి ఒక్కో రంగు వేస్తే ఈ గొడవుండదు కదండీ" అన్నాను. ఎవరు ఎంచుతారు అని అడిగాడు. "నువ్వు ఎంచితే పిల్లలు సాధిస్తారు. పిల్లలు ఎంచితే నువ్వు సాధిస్తావు. రంగుల గొడవ ఈ ఇంట్లో ఒక్కసారి చాలు" అన్నాడు. ఏ గొడవో వేరే చెప్పాలా? నువ్వు ముచ్చటగా కాగితం మీద పడవలన్నిటికీ రంగులు వేసి తెచ్చావు, ఆయన "ఇవి పడవలా, సర్కస్ డేరాలా" అన్నాడు, నువ్వు "నీ కళ్ళకి నీలం తప్ప ఏదీ ఆనదు" అని సాయంత్రం బస్సెక్కేశావు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి ఆయన, ఆయన చెల్లెలివి నువ్వు. నేను మాత్రం ఏం చేయను?

కానీ నేనూ వదల్లేదు. పొద్దునా సాయంత్రం అదే పాట పాడితే విసిగిపోయి, "ఎవరూ ఎంచకుండా దానంతటదే వచ్చే రంగేదైనా ఉంటే చెప్పు, వేస్తా" అన్నాడు. లేదనుకునే అన్నాడులే. నాకేమో మీ ఆఫీసు యంత్రం గుర్తొచ్చింది. మీట నొక్కితే దానికి తోచిన రంగు అదే ఇస్తుందని చెప్పావే, అది. ముందు సగం పడవలకి వేద్దాం, ఆ రంగులు ఆరు పంపు. నీ పేరు ఎత్తను. మన టిక్కెట్లు అచ్చువేసే అతని దగ్గర యంత్రం ఉందని చెప్తాను.

తాడు చప్పుడు దగ్గరకొస్తోంది, ఆపేస్తున్నా.

నీ వదిన


సబ్బు కవర్ల ఆఫీసు, మూడో అంతస్తు
మార్చి మొదట్లో

వదినా,

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు కదా, ఆ హోదాలో మొదట ఒక మాట. నీకు అబద్ధం చెప్పడం రాదు. చెప్పేముందే నవ్వుతావు. అందుకని యంత్రం గురించి అన్నయ్య అడిగితే ఏం చెప్పాలో నేనే రాసిస్తాను, బట్టీపట్టు.

దానికి మూడు గిన్నెలున్నాయనుకో. ఒకటి ఎరుపు, ఒకటి పచ్చ, ఒకటి నీలం. మీట నొక్కగానే అది కళ్ళు మూసుకుని ఒక్కో గిన్నెలోంచి చేతికొచ్చినంత తీసి కలిపేస్తుంది. ఎంత తీస్తుందో దానికే తెలియదు. ఏ రంగు వస్తే అదే రంగు. కొత్త పని మొదలుపెట్టేటప్పుడు బుర్ర ఆడకపోతే మాలాంటివాళ్ళం ఒకటి రెండుసార్లు నొక్కి చూసుకుంటాం. అంతవరకూ మంచిదే. మా మేనేజరు మాత్రం దానికి భక్తుడైపోయాడు. ఈ మధ్య మమ్మల్ని రంగు అడగడం మానేశాడు. "మీకు ఇష్టాయిష్టాలుంటాయి, దానికి పక్షపాతం లేదు" అంటాడు. మొన్న పసిపిల్లల సబ్బుకి అది కుళ్ళిన ఆకు రంగు ఇచ్చింది. మేమందరం తల దించుకున్నాం. ఆయన చప్పట్లు కొట్టాడు. ఇప్పుడు ఆ సబ్బు ఎవరూ కొనడం లేదట. జనానికి ధైర్యం లేదని ఆయన బాధపడుతున్నాడు.

యంత్రం తెరమీద కనబడే రంగుని నమ్మి డబ్బా కలిపితే వేరేగా వస్తుంది. అందుకే అట్టముక్కల మీద అద్ది పంపుతున్నా. రంగుల కొట్టువాడికి చూపిస్తే అచ్చం అలాగే కలిపిస్తాడు. ఒక్కో ముక్క వెనక పడవ నంబరు వేశాను. ఆ నంబరు కూడా యంత్రమే ఇచ్చింది. ఏ ముక్క ఏ పడవదో అటూ ఇటూ మార్చవద్దు. యంత్రం ఇచ్చింది ఇచ్చినట్టే ఉండాలి, లేకపోతే మనం ఎంచినట్టవుతుంది. ఈ మాట అన్నయ్యకి గట్టిగా చెప్పు.

చూసి ఏమన్నాడో పొల్లుపోకుండా రాయి. నాకేం అక్కర్లేదు, ఊరికే తెలుసుకుందామని.

మూడో అంతస్తు కిటికీలోంచి,
నీ అర్ధమొగుడు


పడవల రేవు, టిక్కెట్ల గది
మార్చి మూడో వారం

అమ్మాయ్,

ముక్కలు అందాయి. మీ అన్నయ్య వాటిని బల్లమీద వరసగా పేర్చి, తిరగేసి, వాసన చూసి, ఎండలో పెట్టి చూసి, "యంత్రానికి కుంచె పట్టడం కూడా వచ్చా?" అని అడిగాడు. "వచ్చటండీ" అన్నాను. నవ్వలేదు. నాలుక కరుచుకున్నాననుకో, అది వేరే సంగతి.

ఆరు పడవలూ ఒడ్డుకి లాగి, పాత నీలం గీకి, కొత్త రంగులు వేశాం. చూస్తే కడుపు నిండిపోయింది. కానీ కొత్త చిక్కొకటి వచ్చిపడింది. మైకులో ఏమని పిలవాలి? ఒకటి చూస్తే ఎరుపూ కాదు, గులాబీ కాదు. ఇంకోటి పచ్చా కాదు, పసుపూ కాదు. పిల్లలు తలో పేరూ చెప్పారు. మీ అన్నయ్య అందరినీ నోరు ముయ్యమని, కుర్చీ నీళ్ళవైపు వేసుకుని, పొద్దంతా పడవల్ని చూస్తూ కూర్చుని తనే పేర్లు పెట్టాడు. ఏడోది తడి ఇటుక. నాలుగోది దోర జామ. రెండోది పాత పలక. తొమ్మిదోది తోమని ఇత్తడి. పదోది వంకాయ తొడిమ. అయిదోది జలుబు ముక్కు.

మొన్న ఆదివారం జలుబు ముక్కు ఎక్కింది ఎవరనుకున్నావు? మన పళ్ళ డాక్టరూ ఆయన భార్యానూ. వాళ్ళ టైమ్ అయిపోయింది. మీ అన్నయ్య మైకు తీసుకుని సరస్సంతా దద్దరిల్లేలా "జలుబు ముక్కు! జలుబు ముక్కు! మీ టైమ్ అయిపోయింది, గట్టుకి రావాలి!" అని అరిచాడు. డాక్టరుగారికి ఆ రోజు నిజంగానే జలుబు. మనిషి పడవలో లేచి నిలబడి "ఎవర్రా అది?" అన్నాడు. ఆయన భార్య నవ్వు ఆపుకోలేక పడవ ఊపేస్తే, ఆయన కూర్చోలేక నిలబడలేక రెండు చేతులూ చాపి నాట్యం చేశాడు. గట్టుకి వచ్చాక ఆయన తగువుకి దిగబోతే ఆవిడ అడ్డొచ్చి, "వచ్చేవారం కూడా ఇదే పడవ మాకు అట్టిపెట్టండి" అంది. ఇప్పుడు దానికోసం జనం వరస కడుతున్నారు. నంబరు చెప్తే చెవిటివాళ్ళైపోయేవాళ్ళంతా పేరు పిలవగానే నవ్వుకుంటూ వచ్చేస్తున్నారు.

మాట పొల్లుపోకుండా రాయమన్నావు కదా. రాత్రి భోజనం చేస్తూ ఆయన "ఫరవాలేదు" అన్నాడు. మీ అన్నయ్య నోట ఆ ముక్క వచ్చిందంటే ఇంకొకళ్ళు పూలదండ వేసినట్టే. మిగతా ఆరు రంగులూ తెప్పించమన్నాడు.

గొంతు పోయిన మైకుగారి భార్య,
నీ వదిన


అద్దెగది, వంటింటి గట్టు
ఏప్రిల్ మొదట్లో

వదినా,

ఫరవాలేదన్నాడా? నిజంగా ఫరవాలేదన్నాడా? ఆ వాక్యం ఎన్నిసార్లు చదువుకున్నానో నీకు చెప్పను, నవ్వుతావు.

నీకొక్కదానికే చెప్తున్నా, కడుపులో పెట్టుకో. అవి యంత్రం ఇచ్చిన రంగులు కావు.

ముందు నిజంగానే నొక్కాను. నాచు పట్టిన సిమెంటు వచ్చింది. మళ్ళీ నొక్కితే బొగ్గు కడిగిన నీళ్ళు. మూడోసారి పిల్లలు వాంతి చేసుకుంటే వస్తుందే, ఆ రంగు. కళ్ళు మూసుకుని మూడు గిన్నెలు కలిపితే ఎక్కువసార్లు వచ్చేది బురదే వదినా. మన పడవలకి బురద పూయడానికి నాకు చేతులు రాలేదు. రంగుల డబ్బాలు ఇంటికి తెచ్చుకుని వంటింట్లో కింద కూర్చుని నేనే కలిపాను.

ఒక్కో పడవనీ తలుచుకునే కలిపాను. నాలుగోది ఎప్పుడూ వంతెన నీడలో కడతాం, అందుకే దానికి వెలుతురున్న రంగు. ఏడోది మెట్టు రాయికి గీసుకోకుండా ఒక్కరోజు ఉండదు, ఆ గీతలు కనబడకుండా ఇటుక రంగు. రెండోదానిలో పెద్దవాళ్ళు ఎక్కుతారు, కళ్ళకి చల్లగా ఉండాలని పలక రంగు. చిన్నప్పుడు ఆ పడవల్లో పడుకునే కదా లెక్కలు చేసుకున్నాను. ఏ చెక్క ఎక్కడ గరుకో నా మోచేతులకి తెలుసు. ఇక అయిదో పడవకి పొద్దు వాలాక ఆకాశం అంచున మిగిలే రంగు తేవాలని రెండు రోజులు కష్టపడ్డాను. దానికి జలుబు ముక్కు అని పేరు పెట్టాడా? నా గుండె చెరువైపోయింది!

ఇవి నేను ఎంచినవని తెలిస్తే మర్నాటికల్లా అన్నిటినీ గీకించేస్తాడు. నాతో మాట్లాడకపోతే పోనీ, అవి గీకేస్తే మాత్రం తట్టుకోలేను. నిజం చెప్పాలంటే మాట్లాడకపోవడం కూడా తట్టుకోలేకపోతున్నా. ఈ ముక్క కూడా ఆయనకి చెప్పకు.

చేతికంటిన వంకాయ తొడిమ ఇంకా వదలని,
నీ మరదలు


పడవల రేవు, టిక్కెట్ల గది
ఏప్రిల్ రెండో వారం

ఓసి దొంగా,

నువ్వు చెప్పకముందే నాకు అనుమానమే. నా అనుమానం సరే, ఇక్కడ మీ అన్నయ్యకి మొదలైంది. కొంప మునిగేట్టుంది.

నిన్న టీ తాగుతూ ఉన్నట్టుండి, "పాచికలు వేస్తే ఒక్కసారైనా ఒకటి పడాలి కదా?" అన్నాడు. పడాలన్నాను. "వేసిన ప్రతిసారీ ఆరే పడుతుంటే ఆ పాచికలు ఒకసారి చేతిలోకి తీసుకుని చూడాలి కదా?" అన్నాడు. టీలో చక్కెర సరిపోయిందా అని అడిగాను. "ఆరింటికి ఆరూ మంచి రంగులే ఎలా వచ్చాయి? ఆ యంత్రాన్ని నేను చూడాలి, టిక్కెట్లతని ఇంటికి వెళ్తా" అని చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. అతను ఊళ్ళో లేడని చెప్పి ఆపాను. సాయంత్రమయ్యేసరికి ఆ మహానుభావుడు టిక్కెట్ల కట్టలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేశాడు! నేను ఎదురెళ్ళి కట్టలు లాక్కుని, "మీరు ఊళ్ళో లేరు, వెళ్ళిపోండి" అన్నాను. పాపం, ఎంత మంచివాడో, "అలాగేనమ్మా" అని వెళ్ళిపోయాడు.

ఎన్నాళ్ళని ఇలా? వెంటనే మిగతా ఆరు రంగులూ పంపు. అందులో ఒక్కటైనా చూడగానే మొహం తిప్పుకునేలా ఉండాలి. యంత్రం పరువు, నా కాపురం, నీ రంగులు అన్నీ ఇప్పుడు ఒక చెడ్డ రంగు మీద ఆధారపడి ఉన్నాయి.

ఊళ్ళో ఉన్నవాళ్ళని లేరంటున్న,
నీ వదిన


సబ్బు కవర్ల ఆఫీసు, మూడో అంతస్తు
ఏప్రిల్ చివర

వదినా,

విధి వైపరీత్యమంటే ఇదే. చెడ్డ రంగు కావాలని మీట నొక్కితే, ఆ పాడు యంత్రం ఒకదాన్ని మించి ఇంకొకటి అందమైన రంగులు ఇవ్వడం మొదలుపెట్టింది. నెమలి మెడ వచ్చింది. పండిన నిమ్మ వచ్చింది. "బురద ఇవ్వవే" అని బతిమాలుతుంటే వెనక మేనేజరు నిలబడి ఉన్నాడు. నాకు భక్తి కుదిరిందనుకుని భుజం తట్టి వెళ్ళాడు.

చివరికి ఇది పని కాదని చెడ్డ రంగు కూడా నేనే కలిపాను. చెడగొట్టడం ఎంత కష్టమో ఇన్నాళ్ళకి తెలిసింది. మూడుసార్లు చెడగొట్టాను, మూడుసార్లూ చూడగా చూడగా బాగానే ఉందనిపించింది. ఆఖరికి ఎండిన బురద దగ్గర ఆగాను. దాన్ని ఎనిమిదో పడవకి వేశాను. పిల్లలు బురదకాళ్ళతో ఎక్కేది దానిలోనే కదా, మాటిమాటికీ కడిగే పని నీకు తప్పుతుంది.

ఒకటో, మూడో, ఆరో, పదకొండో పడవలకి ఎప్పటిలా నేనే కలిపాను. పన్నెండోది మాత్రం నా వల్ల కాలేదు. అది అన్నయ్య పడవ. దారి తప్పినవాళ్ళని వెనక్కి తేవడానికి ఆయన ఒక్కడే వేసుకెళ్ళే పడవ. ఏ రంగు కలిపినా, ఆయన దాన్ని ఒకసారి చూసి వద్దని తల అడ్డంగా ఊపినట్టే అనిపించి చెయ్యి ఆగిపోయింది. అందుకే దాన్ని యంత్రానికి వదిలేశాను. ఒక్కసారే నొక్కాను, వచ్చిందే అద్దాను. బాగానే ఉంది. ఎవరికైనా నచ్చుతుంది.

బురద పంపుతున్నందుకు సిగ్గుపడుతూ,
నీ మరదలు


పడవల రేవు
మే రెండో వారం

పిచ్చుకకి,

ఉత్తరం రాయడం నాకు చేతకాదు. తప్పులుంటే మీ వదినని అను, పక్కనే ఉంది. తొంగి చూడవద్దన్నా వినడం లేదు.

యంత్రం సంగతి. పడవ ఎక్కడ గీసుకుంటుందో యంత్రానికి ఎవరు చెప్పారు? వంతెన నీడ సంగతి ఎవరు చెప్పారు? మొదటి ఆరు ముక్కలూ బల్లమీద పేర్చగానే తెలిసింది. తెలిసీ ఎందుకు వేయించానని అడగకు. రంగులు బాగున్నాయి, వేయించాను. మూడేళ్ళ కిందటివీ బాగున్నాయని నేను అనడం లేదు. అందులో ఆ చారల పడవ ఇప్పటికీ సర్కస్ డేరానే.

అయినా కాస్త అనుమానం మిగిలి ఉంటే, నీ గుట్టు నువ్వే బయటపెట్టుకున్నావు. ఈ లోకంలో ఏ యంత్రమైనా బురద రంగుని తెచ్చి సరిగ్గా బురదకాళ్ళ పిల్లలెక్కే పడవకే ఇస్తుందా? పైగా అది కూడా బాగానే ఉంది. చెడగొట్టడం నీకు రాదు, ఆ పని ఇంకెప్పుడూ ఒప్పుకోకు. మీ వదిన అబద్ధం చెప్పేముందు నాలుక కరుచుకుంటుంది, ఆ పని దానికీ వద్దని చెప్పు. టిక్కెట్లతను మొన్న రోడ్డుమీద నన్ను చూసి, ఊళ్ళో లేనట్టు గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

అయిదు పడవలకి రంగు వేయించాం. ఎనిమిదోదానికి ఏ పేరూ పెట్టలేదు, చూసి నువ్వే చెప్పు.

పన్నెండోదాని ముక్క మాత్రం ఇందులో పెట్టి తిరిగి పంపుతున్నా. మిగతావి చూస్తే పడవ కళ్ళముందు నిలబడింది. ఇది చూస్తే ఏ పడవా కనబడలేదు. మంచి రంగే. కానీ ఇందులో నువ్వు లేవు. నా పడవకి నాకిది వద్దు.

పడవ మొత్తం గీకి ఒడ్డున బోర్లించాను. వానలు పడేలోపు రంగు పడకపోతే చెక్క ఉబ్బిపోతుంది, ఇక నీళ్ళలోకి దిగదు. వేరేవాళ్ళ చేత వేయించను. ముక్క పంపకు. నువ్వే రా.

అన్నయ్య


అద్దెగది, సర్దిన సంచీ పక్కన
మే మూడో వారం

అన్నయ్యా,

సెలవు దొరికింది. శనివారం పొద్దున బస్సుకి దిగుతాను. వదినని ఏడవద్దని చెప్పు, నేనూ ఏడవకుండా వస్తాను.

నీ పడవకి ఏ రంగో ఇంకా అనుకోలేదు. వచ్చి పడవ చూసి, నిన్ను చూసి ఎంచుతాను. నేనే ఎంచుతాను. నీకు నచ్చకపోతే నచ్చలేదనే చెప్పు, సర్కస్ డేరా అను, ఏమైనా అను. ఈసారి మాత్రం బస్సెక్కను. తేలేదాకా అక్కడే కూర్చుని దెబ్బలాడతాను.

నీ పిచ్చుక